పొగబండికి సెలవు చీటీ

3, సోమవారం. ఉదయం 7.50
మానేశాను! సిగరెట్ పెట్టె, లైటరు మా ఆవిడ చేతికిచ్చేశాను. ఆవిడ వాటిని చెత్తబుట్టలో పడేసి, పైన తడి టీపొడి కూడా పోసింది. నా మీద అంత నమ్మకం!
8.00: మాత్ర. తొమ్మిదేళ్లుగా హెచ్ఐవీ మాత్ర ఇద్దరం ఒకేసారి, ఒకే గ్లాసు నీళ్లు చెరిసగం. ఒక్క పూట తప్పలేదు. అంత నిష్ఠ గలవాడికి సిగరెట్ ఓ లెక్కా?
పోయిన నెల డాక్టరమ్మ అంది: "రక్తంలో క్రిమి పరీక్షకి దొరకనంత తగ్గింది. మాత్రలు ఇలాగే వేసుకుంటే అది మిమ్మల్నేం చెయ్యదు. ఈ పొగే చేస్తుంది. ఊపిరితిత్తులు అప్పుడే ముసలివైపోయాయి."
ముసలివట! నాకు నలభై నాలుగే.

4, మంగళవారం
పుస్తకాల బైండింగ్ షెడ్డులో పని. సిగరెట్లు: సున్నా. లవంగాలు: పదకొండు. నాలుక మొద్దుబారింది.
"పొగ తాగరాదు" బోర్డుకి బంక రాసి గోడకి అంటించింది నేనే. ఇవాళ మొదటిసారి దాని ముందు తలెత్తుకు నిలబడ్డాను.

6, గురువారం
రెండంతస్తులు ఆగకుండా ఎక్కాను! మా ఆవిడ వెనకాలే వస్తూ చూసిందట. "మధ్యలో గోడ పట్టుకోలేదండీ" అని ఎంత సంబరపడిందో. నాకు సిగ్గేసింది.

8, శనివారం
షెడ్డు మేస్త్రికి తెలిసిపోయింది. షెడ్డంతా వినేలా అరిచాడు: "మన పొగబండి ఆగిపోయిందిరోయ్!" అందరూ చప్పట్లు. నేనూ కొట్టాను.
తర్వాత భుజం తట్టాడు. "ఇంక నెలనెలా ఆ ఛాతీ డాక్టరు దగ్గరికి పరుగులుండవులే. సెలవు మిగిలింది!"
ఆ సెలవే నాకు కావాలి! నెలకో రోజు మాత్రల కోసం వెళ్లడానికి తొమ్మిదేళ్లుగా నేను చెప్పింది ఒకటే: సిగరెట్ దగ్గు. దానికి ఎవరూ మొహం తిప్పుకోరు. పైగా అగ్గిపెట్టె ఇస్తారు. షెడ్డులో పుస్తకాలు కుట్టే ఒకడి తమ్ముడికి హెచ్ఐవీ ఉందట అని పుకారొస్తేనే, ఆ కుట్టేవాడు కూర్చున్న స్టూలు కడిగారు వీళ్లు. నేనూ బకెట్ పట్టుకున్నాను.

11, మంగళవారం
చెరో రెండు మాత్రలే మిగిలాయి. ఎల్లుండి వెళ్లాలి. మనిషి వెళ్తేనే ఇస్తారు. సెలవుకి కారణాలు:
పంటినొప్పి. నెలనెలా ఎలా వస్తుంది?
మేనమామ పోయాడు. ఇప్పటికే వేరే సెలవులకి రెండుసార్లు పోయాడు.
దగ్గు. అదే రావడం లేదు! తొమ్మిది రోజుల్లో నన్ను వదిలేసి పోయింది, ద్రోహి.

12, బుధవారం
10.40: ఒక్కటి. తాగడానికి కాదు, దగ్గడానికి.
10.50: దగ్గు సరిగ్గా పలకలేదు. రెండోది.
11.15: మూడోది ఎందుకో నాకే తెలీదు.
మేస్త్రి ముందు దగ్గాను. అద్భుతం! "మళ్లీ మొదలెట్టావా? సరే, రేపు వెళ్లి చూపించుకో" అని జాలిపడి, తన పెట్టెలోంచి ఒకటిచ్చాడు. నాలుగు.

13, గురువారం
డాక్టరమ్మ: "మానేశారా?"
"మానేశానమ్మా, తొమ్మిది రోజులు." అబద్ధం కాదు కదా! అంతలోనే దగ్గు. ఈసారి నటన కాదు, కుర్చీ పట్టుకోవాల్సి వచ్చింది.
ఇంటికొచ్చాక మా ఆవిడ నిన్నటి చొక్కా వాసన చూసింది. ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ అరవలేదు. "తొమ్మిదేళ్లు ఒక్క పూట తప్పకుండా మాత్ర వేయించింది, వాళ్ల ముందు దగ్గి చూపించడానికా? మీరు పోతే గ్లాసులో మిగిలిన సగం నీళ్లు నేనేం చేసుకోను?"
ఏడుపొచ్చింది. భయం కూడా వేసింది. ఈసారి షెడ్డువాళ్లంటే కాదు, ఆ సగం గ్లాసంటే.

14, శుక్రవారం
మానేశాను!
సెలవు సంగతీ తేల్చేశాను. మేస్త్రితో తలొంచుకుని చెప్పాను: దగ్గు కాదు, షుగరు. నెలనెలా మందులు, జీవితాంతం.
ఆయన మొహం విప్పారింది. "ఓస్, షుగరేనా! మా ఇంట్లో నలుగురికుంది!" అని కౌగిలించుకున్నాడు. ఎంత మర్యాద గల జబ్బో!
11.00: టీ. నేను మూడు చెంచాల పంచదార మనిషిని. మేస్త్రే స్వయంగా తెచ్చిచ్చాడు, చప్పటి టీ. నేను తాగేదాకా ఎదురుగా నిలబడ్డాడు.
సిగరెట్లు: సున్నా. పంచదార: సున్నా.
మొదటి రోజు.