రెండు సీట్ల కారుకు ఇన్సూరెన్సు

1983 ఏప్రిల్, మంగళవారం

సాయంత్రం ఐదింటికి ఇన్సూరెన్సు ఆఫీసరు తేల్చి చెప్పాడు. మా అబ్బాయి ప్రసాదు ఎలా నడుపుతాడో తను పక్కన కూర్చుని చూశాకే పాలసీ ఇస్తాడట. వాడికి పందొమ్మిదేళ్లు. బెంగళూరులో చనిపోయిన మా బావ వాడికి వదిలిన స్పోర్ట్స్ కారుకు అంతకన్నా ఎక్కువ.

ఇన్సూరెన్సు లేకుండా రోడ్డు మీద నడపడానికి వీల్లేదని నేనే పట్టుబట్టాను. అందుకే దాన్ని ఆఫీసు దాకా ఎద్దులతో లాగించాం.

"ఏమన్నా, పెట్రోలు బదులు గడ్డి పెడతాండావా?" అన్నాడు టీకొట్టు మస్తాను. బజారంతా నవ్వింది.

ఆఫీసరు నవ్వలేదు. "కారు పాతదైనా ఫరవాలేదు సార్. పిల్లోడు కొత్తోడు, ఆడే ఉండాది తకరారు," అన్నాడు. పరీక్షకని రేపు ఒక్క పూటకు చెల్లే తాత్కాలిక ఇన్సూరెన్సు కాగితం, కవర్ నోటు, రాసిచ్చాడు.

"భయపడాకు నాయనా, మెల్లగానే పోతా," అన్నాడు ప్రసాదు. అలా అంటున్నప్పుడు వాడి చూపు స్పీడోమీటరు మీద ఉంది.

రాప్తాడు రోడ్డు ప్రమాదాల వార్తలు మా పేపరుకు చాలా రాశాను. డ్రైవరు వయసు ఎప్పుడూ రెండో వాక్యంలో పెడతాను. ఈ రాత్రి ఆ వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను.

రేపు ఉదయం ఏడింటికి వాళ్లిద్దరూ రాప్తాడు దాకా పోయి వస్తారు. కారులో నాకు చోటు లేదు. ఆఫీసు గేటు దగ్గర నిలబడతాను.