పాప తలలో వెలుతురు

ఆళ్లగడ్డ

అక్కకు,

ఫోనులో చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. పాప తల పెద్దదవుతోందని మొన్న నంద్యాలలో పిల్లల డాక్టరమ్మకు చూపించాం. ఆమె గదిలో లైట్లు ఆర్పి, పాప తలకు టార్చి ఆనించింది. తలంతా ఎర్రగా వెలిగింది. నీ మరిది మురిసిపోయాడు. "చూడు, దేవుని దీపం మాదిరి వెలుగుతాంది!" అన్నాడు.

డాక్టరమ్మ టార్చి ఆర్పి లైట్లు వేసింది. "చర్మం, పలచని ఎముక దాటి వెలుతురు లోపలికి పోతాదమ్మా. మెదడుంటే ఆడనే ఆగిపోతాది. ఈ బిడ్డకు పైమెదడు లేదు. అంతా నీళ్లే," అంది. స్కానింగులోనూ అదే తేలింది. ఎక్కువ కాలం బతకదట.

ఇంటికొచ్చాక మా అత్త, "ఇంక పేరు పెట్టేదెందుకు, నలుగురిని పిలిచేదెందుకు?" అంది. ఆమె ముందు ఏనాడూ నోరెత్తని నీ మరిది, "పేరు లేకుండా నా బిడ్డను యాడికీ పంపనమ్మా," అన్నాడు.

శుక్రవారం పెడుతున్నాం. వకుళ అనుకున్నాం. చెవిలో పేరు చెప్పాల్సిన మేనత్త రానంది. శిరివెళ్లలో పొద్దున బస్సెక్కి నువ్వు రా. నువ్వే చెప్పాలి. పాపకు చూపు లేదు గానీ, మాట వినపడుతుందట అక్కా.

నీ చెల్లెలు