సత్యవతి గారి వేషం

మంగళవారం రాత్రి

కొత్త విపత్తు చట్టం ప్రకారం ఈరోజు గోదారి మధ్యనున్న మా లంకలో వరద డ్రిల్లు జరిగింది. మంచానపడ్డవాళ్లని ముందు తరలించాలన్న నిబంధన పంచాయతీ కార్యదర్శిగా మైకులో చదివింది నేనే. నిజంగా మంచానపడ్డవాళ్లని మోస్తే ఆలస్యమై పై అధికారుల ముందు మాటొస్తుందని, స్ట్రెచర్ మీద మా పంచాయతీ అటెండర్‌ని పడుకోబెట్టేను. అందరూ చప్పట్లు కొట్టేరు.

కాళ్లు పడిపోయిన సత్యవతి గారు అదంతా కిటికీలోంచి చూసేరట. నేను తిరిగొస్తుంటే పిలిచేరు.

"నా వేషం బాగా కట్టేడండీ ఆయన. నిజంగా గోదారొస్తే నన్నూ అలాగే మోస్తారాండీ?"

వాళ్ల ఇరుకు సందులో స్ట్రెచర్ తిరగదని నాకప్పటికే అర్థమైంది. అయినా "ఆయ్, మోస్తామండీ" అన్నాను.

"ఇప్పుడు ధైర్యంగా ఉందండీ" అని ఆవిడ నాకు దణ్ణం పెట్టేరు. నిజంగా గోదారొస్తే ఆవిణ్ణి ఆ సందు దాటించేదెలాగో నాకు తెలీదు.