మరిచిపోయిన పెళ్లి పాట

వదినా,

మన చర్చిలో ఇప్పటికీ ఎక్కువగా పాడేది సమాధి దగ్గర పాడే పాటే. అందరికీ కంఠతా వచ్చు. మీ తమ్ముడు పోయినప్పుడు నువ్వు నా చెయ్యి పట్టుకుని పాడింది అదే. పెళ్లి పాట పాడి మాత్రం ఏళ్లయింది. పోయిన ఆదివారం పాస్టరుగారు దాన్ని నేర్చుకోమంటే తలా ఒక రాగం తీశాం. హార్మోనియం వాయించే వడ్రంగి మేస్త్రి ఆపేసి, "ఇది పెళ్లా, పంచాయతీయా?" అన్నారు. పాస్టరుగారు కూడా నవ్వారు.

ఇంతకీ పెళ్లెవరికని అడుగుతావు. ఆ మేస్త్రికీ నాకూ. వానలకు ఉబ్బిన వంటింటి తలుపు బాగుచెయ్యడానికి వచ్చారు. తలుపు ఆ పూటే బాగైంది, ఆయన రావడం మాత్రం మానలేదు. నెమ్మదస్తుడు. నాకు సంతోషంగా ఉంది. పిల్లలు సరేనన్నారు. నీకు చెప్పడానికే నోరు రాలేదు.

ఆ పాట సరిగ్గా వచ్చినదానివి నువ్వొక్కదానివే. మీ తమ్ముడితో నా పెళ్లికి పాడింది నువ్వే. వచ్చే నెల మొదటి శనివారం వచ్చి పాడతావా? మనసొప్పకపోతే రావద్దు, నేనేమీ అనుకోను.

పెళ్లయ్యాక కూడా నిన్ను వదినా అనే పిలుస్తానని ఆయనతో చెప్పాను. "మరి ఆవిడ నాకేమవుతారు?" అని అడిగారు. "అది ఆవిడే చెప్పాలి" అన్నాను.

నీ మరదలు