సముద్రంలో ఎర్రబొట్టు

కొత్తరేవుపేట ప్రాథమిక పాఠశాల,
6 నవంబరు 2017.

ఊరిపెద్ద మైలపల్లి అప్పలసూరి గారికి, బడి టీచరు కుసుమకుమారి నమస్కరించి రాసుకునే మనవి.

మా బడి గేటు దగ్గర నిలబడితే మీ అరుగు కనిపిస్తుంది. అయినా ఉత్తరం రాస్తున్నాను. తుఫాను తరవాత వచ్చి నోటిమాటగా హామీలిచ్చిన ఆఫీసర్లు ఒక్కరూ మళ్ళీ కనపడలేదని, అప్పట్నుంచీ ఏదైనా కాగితం మీద అడిగితేనే మీరు జవాబిస్తున్నారని మీ కోడలు అనిత చెప్పింది. మంచి పద్ధతి. నాకూ రాయడమంటే విసుగు లేదు.

నాకు తుఫాను షెల్టరు డాబా మెట్ల తాళంచెవి కావాలి. ఊరు మొత్తానికి ఇంటర్నెట్ సరిగ్గా అందేది ఆ డాబా మీదే. నా దగ్గర ఒక ట్యాబ్ ఉంది. బొబ్బిలి దగ్గర పల్లెలో నాతోపాటు ట్రైనింగైన యుగంధర్ మాస్టారున్నారు. ఆయన పిల్లలూ మన పిల్లలూ వీడియోలో ఒకరినొకరు చూసుకుంటూ 'మా ఊరు' పాఠం నేర్చుకుంటారు. వాళ్ళు చెరుకు తోటలు, వీణలు చేసే ఇళ్ళు చూపిస్తారు. మనవాళ్ళు సముద్రం చూపిస్తారు. రెండు ఊళ్ళూ కలిసి ఆన్‌లైన్ మ్యాపు మీద గుర్తులు పెడతారు.

ఇదంతా ఎందుకంటారేమో. మన పిల్లలు సముద్రానికి భయపడరు, కొత్త మనిషికి భయపడతారు. రేపు హైస్కూలుకి వెళ్ళి, పేరడిగితే తల దించుకుని వెనక బెంచీలో కూర్చుంటారు. మీ మనవడు చినబాబు రెండేళ్ళుగా నా క్లాసులో ఉన్నాడు. వాడి గొంతు ఎలా ఉంటుందో నాకింకా తెలీదు. అది విన్నాకే నేను ఈ ఊరి నుంచి బదిలీ అడుగుతాను.

ఇట్లు,
కుసుమకుమారి

తా.క. ఇవ్వనంటే కూడా కాగితం మీదే చెప్పండి. మళ్ళీ రాయడానికి నాకు వీలుగా ఉంటుంది.


కొత్తరేవుపేట,
మరునాడు.

బడి మేష్టరమ్మ గారికి అప్పలసూరి దణ్ణం. నాను సెప్తన్నాను, కోడలు రాస్తన్నాది.

మీ కాగితం అందినాది. షెల్టరు తుఫానుకని కట్టినారు గానీ పాఠాలకి కాదు. అయితే తుఫాను రోజూ రాదు గదా అని మా ఆడది తవిటమ్మ అన్నాది. తాళంచెవి పంపుతన్నాను. డాబా మీద ఆరబోసిన సేపలు తొక్కకండి. బడి గుంటల్ని పిట్టగోడ ఎక్కనివ్వకండి. బొబ్బిలోళ్ళ కాడ మన ఊరిని తక్కువ సేసి మాటాడకండి.

మా సినబాబు గొంతు ఇననేదని రాసినారు. ఇంటికాడ ఆడు కేకేస్తే లంగరేసిన బోటోళ్ళు ఎనక్కి తిరిగి సూస్తారు. బడి గడప తొక్కితే ఏటైపోతాదో నాకూ తెలవదు. మీరే సూడండి.

వేలిముద్ర,
అప్పలసూరి

తా.క. ఈ ముక్క నా సొంతం. మావయ్య మొదట "ఇవ్వను" అనే రాయించారు. అత్త వచ్చి పక్కన కూర్చుంది. కాగితం మారింది. – అనిత


కొత్తరేవుపేట,
10 నవంబరు.

మేష్టరమ్మ గారికి దణ్ణం ఎట్టి, కోపంగా రాయించునది.

నిన్న మద్దినేళ మీరు గుంటల్ని పరిగెట్టించుకుంటా షెల్టరెక్కించినారు. సంచులు కూడా భుజాన ఉన్నాయి. ఈది సివర ఆడోళ్ళు సూసి, తుఫాను కబురొచ్చీసినాదని గోల ఎట్టినారు. ఇంకేటి! బోట్లు మీదకి ఈడ్సేసినారు. పొయ్యిలు ఆర్పేసినారు. లక్ష్ముడు మేకల్ని తోలుకొచ్చి మెట్ల మీద ఎక్కించినాడు. నాను పెద్దని గాబట్టి అందరికంటే ముందు ఎక్కినాను. పైకెల్లి సూస్తే ఏటున్నాది? ఆ పలక లోపల ఎవురో బొబ్బిలి గుంటడు వీణకి బుర్ర ఎలా తొలుస్తారో సెప్తన్నాడు. ఊరంతటికీ ఒక దినం సేపలేట పోనాది.

తుఫానైతే తుఫానని సెప్పండి, పాఠమైతే పాఠమని సెప్పండి. గుంటల్ని మెల్లిగా నడిపించండి.

వేలిముద్ర,
అప్పలసూరి

తా.క. మావయ్య ముందు ఎక్కిన మాట నిజమే. చంకలో కొత్త వల ఉంది. అత్త కింద ఉంది. అత్త ఇంకా మాట్లాడ్డం లేదు. – అనిత


కొత్తరేవుపేట ప్రాథమిక పాఠశాల,
16 నవంబరు.

అప్పలసూరి గారికి క్షమాపణలతో, అంతకంటే ఎక్కువ సంతోషంతో నమస్కారాలు.

జరిగిన నష్టానికి నాదే తప్పు. ఇక మీదట పిల్లలు సంచులు బడిలోనే వదిలి, నడుచుకుంటూ ఎక్కుతారు. లక్ష్ముడు గారి మేకలు అలవాటు పడి తామే ఎక్కుతున్నాయి, వాటికి మాత్రం నా పూచీ లేదు.

ఇప్పుడు అసలు కబురు. నిన్న బొబ్బిలి వైపు నుంచి ఒక పిల్ల అడిగింది: "నీళ్ళన్నీ ఒకేలా ఉంటాయి కదా, చేపలు ఎక్కడున్నాయో మీకెలా తెలుస్తుంది?" మా పిల్లలందరూ నేల చూపులు. అప్పుడు చినబాబు లేచాడు. "మా తాతకి తెలుసు" అన్నాడు. అని ఆగలేదు! కొండ ఎటుండాలి, తాటితోపు ఎటు రావాలి, నీటి రంగెలా మారాలి, అన్నీ చెప్పాడు. మ్యాపు మీద తీరం వెంబడి వేలు జరుపుకుంటూ వెళ్ళి, మీ చోటు మీద ఎర్రగుర్తు పెట్టాడు. కింద 'మా తాత చేపలు పట్టే చోటు' అని తప్పుల్లేకుండా టైపు చేశాడు. అక్కడి పిల్లలు చప్పట్లు కొడితే వీడు నవ్వాడు.

అప్పలసూరి గారూ, నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. చెప్పుకోడానికి సిగ్గుపడను.

ఇట్లు,
కుసుమకుమారి

తా.క. అందరూ చూడాలని ఆ మ్యాపుని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను.


కొత్తరేవుపేట,
అదే రోజు.

మేష్టరమ్మకి. ఈసారి దణ్ణం నేదు.

ఏటి పని సేసినారు? ఏటి పని ఇది? ఆ సోటు మా తాత మా అయ్యకి సెప్పినాడు. మా అయ్య మంచాన పడ్డాక, ఇంట్లో ఎవురూ నేకుండా సూసి నాకు సెప్పినాడు. నా కన్నకొడుక్కి నానింకా సెప్పనేదు. కట్టుకున్నదానికి సెప్పనేదు. ఎదర బోటు వస్తన్నాదంటే వల తీసేసుకుని, దారి తప్పినట్టు నటించుకుంటా బతికినాను. దాన్ని మీరు ఎర్రబొట్టెట్టి దేశానికి సూపిస్తారా?

తాళంచెవి బేగి పంపించండి. సినబాబు రేపట్నుంచి బడికి రాడు. నాతో రేవుకొస్తాడు. మాటాడ్డం ఎక్కువైపోనాది ఆడికి.

వేలిముద్ర (గట్టిగా),
అప్పలసూరి

తా.క. మావయ్య అన్నవాటిలో రాయదగ్గవి ఇవే. రాయకుండా వదిలేసినవాటిలో మీ గురించి తక్కువ, బొబ్బిలి గురించి ఎక్కువ. – అనిత


ఇసుకదిబ్బ మీద నుంచి,
20 నవంబరు.

అప్పలసూరి గారికి, మీరు పెట్టకపోయినా నేను పెడుతున్న నమస్కారం.

తాళంచెవి ఇందులో ఉంది. పాఠం మాత్రం ఆగలేదు. రేవు పక్క ఇసుకదిబ్బ మీద సరుగుడు కర్ర పాతి, దానికి ట్యాబ్ కట్టాం. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. వచ్చినంతసేపు చదువుతున్నాం, పోయినప్పుడు ఎక్కాలు చెప్పుకుంటున్నాం.

మీ చోటు అంత రహస్యమని తెలీక గ్రూపులో పెట్టాను. అది నా తెలివితక్కువ. మీరు ఊఁ అంటే ఇప్పుడే ఆ గుర్తు తీసేస్తాను. అయినా బొబ్బిలి వాళ్ళ మీద అనుమానమెందుకు? వాళ్ళ ఊళ్ళో సముద్రం లేదు, పడవ లేదు. చెరువులో వలేసుకునే వాళ్ళు మీ చోటు ఏం చేసుకుంటారు?

చినబాబుని మాత్రం వదలను. రెండేళ్ళు వేచి ఉంటే వాడు ఒక్కసారి నోరు తెరిచాడు. తెరిచినందుకు శిక్ష పడిందని వాడికి తెలిస్తే, ఇక జన్మలో తెరవడు. అది నేను చూస్తూ ఊరుకోలేను. రోజూ హాజరు పిలిచేటప్పుడు వాడి పేరు పిలుస్తాను. మీ అరుగు దాకా వినపడేలా పిలుస్తాను. వాడొచ్చి "ఉన్నాను మేడమ్" అనేదాకా పిలుస్తాను.

ఇట్లు,
కుసుమకుమారి

తా.క. నా గొంతు గురించి మా ఇంట్లోవాళ్ళని ఎవర్నైనా అడగండి, చెబుతారు.


కొత్తరేవుపేట,
23 నవంబరు.

మేష్టరమ్మ గారికి సగం దణ్ణం.

ఆ పిలుపు ఆపండి. ఈ ఊళ్ళో సినబాబులు నలుగురున్నారు. మీరు పిలిసినప్పుడల్లా నలుగురూ "ఏటి?" అని కేకేస్తన్నారు. అందులో ఒకడికి అరవై ఏళ్ళు. పాపం పని మానుకుని బడికాడికి ఎల్లొస్తన్నాడు.

రెండోది. ఆ ఎర్రబొట్టు తియ్యొద్దు. ఉండనీండి. ఎందుకని అడక్కండి.

గుంటడి సంగతి నాను సూసుకుంటాను.

వేలిముద్ర,
అప్పలసూరి

తా.క. ఎందుకో నాకూ తెలీదు. మా ఆయన ఫోన్లో ఆ మ్యాపు చూపించాడు, మావయ్య చాలాసేపు చూశారు. అప్పట్నుంచి గంజి తాగుతూ తనలో తనే నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. – అనిత


కొత్తరేవుపేట ప్రాథమిక పాఠశాల,
24 నవంబరు.

పెద్ద మనసున్న అప్పలసూరి గారికి వందనాలు.

మీ ఉత్తరం చదివి నా కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తాతల నాటి రహస్యాన్ని ఊరికి వదిలేశారు! నేను మిమ్మల్ని పిసినారి అనుకున్నాను. (మనసులోనే. యుగంధర్ మాస్టారితో ఒక్కసారి.) ఈ సంగతి పిల్లలకి చెప్పాను. బొబ్బిలి పిల్లలు 'అప్పలసూరి తాతకి ధన్యవాదాలు' అని అట్టల మీద రాసి వరసగా నిలబడి చూపించారు. ఆ వీడియో గ్రూపులో పెట్టాను. మన రేవులో బోటున్న జగన్నాధం గారు చూసి, "మావ నిజంగానే ఇచ్చేశాడా, మరైతే రేపే వెళ్తాం" అని జవాబు పెట్టారు. పక్క ఊళ్ళకీ పంపారట.

ఇంత చేసినవారు చినబాబుని ఎందుకు ఆపుతారు? పంపండి.

ఇట్లు,
కుసుమకుమారి

తా.క. పిలుపులో ఇప్పుడు ఇంటిపేరు కలిపాను. అరవై ఏళ్ళ చినబాబు గారు మాత్రం ఇంకా వస్తున్నారు. ఆయనకి పాఠం నచ్చిందట.


కొత్తరేవుపేట,
30 నవంబరు.

మేష్టరమ్మ గారికి అప్పలసూరి రెండు సేతులా దణ్ణం.

ఉన్నదున్నట్టు సెప్తన్నాను. కోడలా, మద్దిలో నవ్వకుండా రాయి.

ఆ బొట్టు అబద్దం. గుంటడు "తాతా, నీ సోటేదీ, నీ సోటేదీ" అని పీక్కు తింటంటే పడనేక, నోటికొచ్చింది సెప్పినాను. ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగకి అవతల, ఎవుడూ వలెయ్యని మడ్డినీళ్ళు అవి. నా అసలు సోటు రెండో దిక్కున ఉన్నాది. మీ కాగితం ఇన్నప్పుడు, బోట్లో నా ఎనక కూకుని అసలుది కనిపెట్టీసినాడేమోనని గుండాగిపోనాది. మా ఓడు ఫోన్లో సూపించినాక ప్రాణం కుదుటపడినాది. ఊరోళ్ళు ఆ మడ్డిలోకి ఎల్లి ఉట్టి వలలు ఈడ్సుకుంటారని నవ్వుకున్నాను. అందుకే తియ్యొద్దన్నాను. పెద్ద మనసు గాదు, ఏటీ గాదు.

అందరూ ఎల్లినారు. మేష్టరమ్మా, ఏటి సేపలవి! పండుగప్పలు, మాగలు, బోటు అంచుల దాకా! వర్షాలకి ఏటినీళ్ళు సముద్రంలోకి దిగినాయి గదా, సేపలన్నీ అక్కడ సేరినాయి. జగన్నాధం ఇంతెత్తు పండుగప్ప తెచ్చి మా అరుగు మీదెట్టి, "మావా, నీ అంత మనిసి ఈ తీరంలో నేడు" అని కాళ్ళకి దణ్ణమెట్టినాడు. ఏటి సెయ్యమంటారు? దీవించినాను.

సినబాబు పక్కనే ఉన్నాడు. ఆడి మొకం ఎలిగిపోతన్నాది. "సూసినావా తాతా, నాను సరిగ్గా సెప్పినాను" అన్నాడు. అప్పుడు నాకు సిగ్గేసినాది. మందిలో ఎప్పుడూ నోరిప్పని గుంటడు, నన్ను నమ్మి మొదటిసారి నోరిప్పినాడు. ఇప్పి నా అబద్దం సెప్పినాడు. పైన ఆణ్ణి బడి మానిపించినాను. ఆడికి నిజం సెప్పీసినాను. నాతో మాటలు మానీసినాడు. ఇంటికాడ ఆడి కేక ఇనపడకపోతే ఇల్లు ఇల్లులాగ నేదు. నిన్న అడగ్గా అడగ్గా ఒకటే మాటన్నాడు: "మేష్టరమ్మకి నువ్వే సెప్పు. కాగితం మీద."

అందుకే ఈ కాగితం. తాళంచెవి పంపుతన్నాను, ఇంక ఎనక్కి అడగను. రేపు గుంటణ్ణి నానే తోలుకొస్తాను. నన్ను కూడా ఆ డాబా ఎక్కించండి. సేపలెక్కడున్నాయో ఎలా తెలుస్తాదని ఆ బొబ్బిలి గుంట అడిగినాది గదా. సగం దినాలు మాకూ తెలవదని నానే సెప్తాను. నా అసలు సోటుకి సినబాబు సేత బొట్టెట్టిస్తాను. ఎవుడొస్తాడో రానీండి.

వేలిముద్ర, దాని పక్కన సినబాబు సంతకం,
అప్పలసూరి

తా.క. అసలు చోటు ఇచ్చేస్తున్నారని మరీ మురిసిపోకండి. ఊరంతా ఏటిమొగకి వెళ్ళిన రోజు మావయ్య ఒక్కరే అక్కడికి వెళ్ళి పొద్దంతా వలేశారు. రెండు పీతలు పడ్డాయి, వాటిలో ఒకటి మావయ్య వేలు పట్టుకుంది. (వేలిముద్ర వంకరగా ఉన్నది అందుకే.) మా ఆయన మాత్రం ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇక నుంచి మావయ్య ఎటువైపు చేపల్లేవంటే అటే బోటు తిప్పుతాడట. – అనిత