మంచి పళ్ళు ఆరు

అక్కకి,

తమ్ముడు నత్త నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం బాగానే ఉన్నాం. నీ మరదలి నడుంనొప్పి చాలావరకు తగ్గింది. నీ మేనకోడలు కొత్త బళ్ళో కుదురుకుంది. నిన్న లెక్క తప్పు చేసి, తప్పు టీచరుదేనని ఇంటికొచ్చి గంటసేపు వాదించింది. ఆ నోరు ఎవరిదో నేను వేరే చెప్పక్కర్లేదు. అక్కడ నువ్వూ బావా కులాసా అని తలుస్తాను అని రాయబోయాను గానీ, నీ ఉత్తరం చదివిన తర్వాత ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఉత్తరం అంది పదకొండు రోజులైంది. రోజూ కాగితం ముందు కూర్చుంటున్నాను, లేస్తున్నాను. నాకు నత్త అని పేరు పెట్టింది నువ్వే కాబట్టి ఆలస్యానికి ఆశ్చర్యపోవు.

ముందు తేలిక సంగతులు. బావకి పగటి బస్సు డ్యూటీ వేశారని రాశావు. మంచి మాటే. కానీ సాయంత్రాలు ఇంట్లో ఉండి, మెషినులో నూనె ఎలా వెయ్యాలో నీకే నేర్పుతున్నాడంటే చదువుతూ నవ్వుకున్నాం. పాతికేళ్ళుగా కుడుతున్న మనిషికి పాఠం చెప్పడానికి ధైర్యం ఉండాలి. నువ్వడిగిన కోటు నమూనా కాగితాలు దొరికాయి, విడిగా పంపిస్తున్నాను.

ఫోనులో సిగ్నల్ సరిగ్గా ఉండటం లేదు, అందుకే ఉత్తరం రాస్తున్నానని రాశావు. అక్కా, నీకు అబద్ధం ఆడటం ఎప్పుడూ చేతకాలేదు. బావ నాకు ఫోను చేసి చెప్పాడు. ముందు పన్ను విరిగినప్పటినుంచి 'స' అన్నప్పుడల్లా గాలి పోతోందట. మీ కుట్టు షాపులో కొత్తగా చేరిన అమ్మాయి ఎవరో నిన్ను అనుకరిస్తుంటే వెనకనుంచి విన్నావట. ఆ రోజునుంచి కావలసినవి కాగితం మీద రాసి చూపిస్తున్నావట. నువ్వు ఒక్క కేక వేస్తే కుట్టుపని గదిలో ఇరవై మెషిన్లు టక్కున ఆగేవి. ఆ మనిషి కాగితం ముక్కలు చూపిస్తోందని బావ చెప్తుంటే, ఇవతల నేను ఫోను చెవినుంచి తీసి పక్కన పెట్టేశాను. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఇక నువ్వడిగిన వాటికి జవాబులు.

"దారం పళ్ళతో కొరికే అలవాటు వల్లే పై ముందు పళ్ళకి వేసిన క్యాపులు పాడయ్యాయని డాక్టరుగారు అంటున్నారు, నిజంగా తప్పు నాదేనా?" అని రాశావు. కాదు. నువ్వు పదహారో ఏటినుంచి దారం కొరుకుతున్నావు. నీ పళ్ళకి ఏమీ కాలేదు. క్యాపు తొడగాలంటే పన్నుని చుట్టూ అరగదీస్తారు. నిండు పన్ను కాస్తా సన్నటి మేకులా మిగులుతుంది. అంతలా చెక్కితే లోపలి నరం ఒక్కోసారి తట్టుకోలేదు, చచ్చిపోతుంది. నీకు రెండు పళ్ళకి రూట్ కెనాల్ చెయ్యాల్సి రావడం, మూడోది చిగురు దగ్గర పుటుక్కున విరగడం, అన్నీ అందువల్లే. దారం వల్ల కాదు. నీ నోట్లో ఏది జరిగినా నీ తప్పు కాదు. ఈ వాక్యం బావకి కూడా చదివి వినిపించు.

"పై వాటికి సరిపోయేలా కింద ఆరు పళ్ళకి కూడా తొడుగులు వేయించుకోమంటున్నారు, వేయించుకోనా?" అని అడిగావు. వద్దు. వేయించుకోకు. ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోకు. బతిమాలుతున్నాను.

పోయిన ఏడాది నువ్వు మా ఇంటికి వచ్చింది ఒక్క దవడ పన్ను కోసం. పిప్పిపట్టి సలుపుతోందంటే, "మా ల్యాబుకి పళ్ళ పని పంపే పెద్ద డాక్టరు ఉన్నాడు, రా అక్కా" అని నేనే పిలిచాను. నేనే తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. నువ్వు బయటికి వచ్చి చెప్పిన ప్రతి మాటా నాకు గుర్తే.

"ఒరేయ్, పిప్పి పన్నుకి సిమెంటు పెట్టేశాడు గానీ, నా ముందు పళ్ళని ఇంత పెద్ద తెర మీద చూపించాడ్రా. తలుపులంత ఉన్నాయి. వాటి మీద గీతలు! అవన్నీ పగుళ్ళంట. రెండేళ్ళలో ఒక్కోటీ రాలిపోతాయంట."

"ఇంకేమన్నాడు?"

"మీరు నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటారేంటమ్మా అనడిగాడు. నేనెప్పుడు పెట్టుకున్నాన్రా?"

నువ్వెప్పుడూ పెట్టుకోలేదు. ఆ సాయంత్రం మా పిల్ల ఏదో అంటే నవ్వుతూ మొదటిసారి చెయ్యి పెట్టుకున్నావు. చూసి కూడా నేను ఊరుకున్నాను.

నీ ఉత్తరం వచ్చిన నాలుగో రోజున ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆ గాజు తలుపులూ, గోడ నిండా నవ్వుతున్న మొహాల ఫొటోలూ నీకు తెలుసు. ఒక పెద్దాయన కుర్చీలో నోరు తెరిచి ఉన్నాడు. ఆయనకీ అవే గీతలు చూపిస్తున్నాడు డాక్టరు. పని అయ్యేదాకా నిలబడ్డాను.

"మా అక్క మొదటి ఎక్స్-రే ఒకసారి చూపిస్తారా?" అన్నాను.

"ఎందుకు?"

"చూద్దామని."

కాసేపు నా మొహం చూసి, తెర మీద పెట్టాడు. నేను డాక్టర్ని కాదు గానీ పద్దెనిమిదేళ్ళుగా పళ్ళతోనే బతుకుతున్నాను. దవడ పన్ను తప్ప ఎక్కడా మచ్చ లేదు. ముందు ఆరూ మంచి పళ్ళు, అక్కా. గట్టివి.

"ఇందులో పగుళ్ళు ఎక్కడున్నాయండీ?"

"ఎక్స్-రేలో అన్నీ కనపడవు. వయసుతో అందరికీ సన్న గీతలు వస్తాయి. ముందుజాగ్రత్త అనుకో. అయినా ఆమె తెల్లటి పళ్ళు కావాలంది, సంతకం పెట్టింది. అద్దంలో చూసుకుని ఎంత సంతోషపడిందో నువ్వూ చూశావుగా."

"రాలిపోతాయని భయపెడితే సంతకం పెట్టిందండీ."

ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. చేతి తొడుగులు తీసి డబ్బాలో వేస్తూ నెమ్మదిగా అన్నాడు. "పళ్ళు ముట్టుకోకముందే వాటి అచ్చు మీ ల్యాబుకి పంపాను. అది నీ బల్ల మీదికే వచ్చింది. నీకు తప్పనిపిస్తే అప్పుడే ఒక మాట అనొచ్చుగా. నువ్వేమీ అనలేదు. సరే, తమ్ముడికే అభ్యంతరం లేదు కదా అనుకున్నాను."

గాజు తలుపు నెట్టుకుని బయటపడ్డాను.

అక్కా, ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే. ఇంతవరకూ రాసినదంతా దీని చుట్టూ తిరగడమే.

ఆయన చెప్పింది నిజం. నీ అచ్చు సోమవారం పొద్దున నా బల్ల మీదికి వచ్చింది. గురువారం నీ పళ్ళు అరగదీశారు. మధ్యలో మూడు రోజులు.

మా దగ్గరికి వచ్చే అచ్చుల మీద పేర్లుండవు, చీటీ మీద నంబరుంటుంది. "పై ముందు పళ్ళు ఆరు. రంగు అన్నిటికన్నా తెల్లది" అని రాసుంది. డబ్బా మూత తీసి తెల్లటి ప్లాస్టర్ అచ్చుని దీపం కిందికి తిప్పాను. ఎడమవైపు ముందు పన్ను మూల చిన్నగా విరిగి ఉంది. పేరు అక్కర్లేకపోయింది. మేడ మెట్ల మీదనుంచి నేను విసిరిన పలక తగిలి విరిగిన మూల అది. నోటినిండా రక్తంతో అమ్మ దగ్గరికెళ్ళి "జారి పడ్డానమ్మా" అన్నావు. అప్పుడు నీకు పదకొండేళ్ళు, నాకు ఆరు.

అచ్చు మీద వేలు పెట్టి ఒక్కో పన్నూ తడిమి చూశాను. అరుగుదల లేదు, వంకర లేదు. ఇలాంటివి ఎన్ని చూశానో లెక్క లేదు. మంచి పళ్ళ అచ్చు ముందొస్తుంది, వారం తిరక్కుండా అవే పళ్ళు మేకుల్లా చెక్కిన అచ్చు వస్తుంది. వాటి మీద పింగాణీ తొడుగులు చెయ్యడమే నా పని. ఎవరి పళ్ళో తెలియదు కాబట్టి ఇన్నేళ్ళూ హాయిగా అన్నం తిన్నాను.

ఆ రోజు అచ్చు పట్టుకుని మా యజమాని గదికి వెళ్ళాను. "ఇది మా అక్కదండీ. ఈ పళ్ళకి ఏమీ లేదు" అన్నాను.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. చూడగానే ఆయనకీ అర్థమైంది. "ఒరే, మనం పళ్ళు చేసేవాళ్ళం. వైద్యం చేసేవాళ్ళం కాదు. సగం పని ఆయన దగ్గర్నుంచే వస్తోంది. వచ్చే నెలనుంచి పింగాణీ తొడుగులు చేసే బల్లకి నిన్నే పెద్దని చేద్దామనుకుంటున్నాను. నీ ఇష్టం" అన్నాడు.

ఇంతే జరిగింది. ఎవరూ నా పీక మీద కత్తి పెట్టలేదు.

ఆ మూడు సాయంత్రాలూ నువ్వు మా వంటింట్లో నా ఎదురుగా కూర్చుని తిన్నావు. మంగళవారం కంచం పక్కన పెట్టి, "నత్తా, నిజం చెప్పు, చేయించుకోవాలంటావా? నువ్వు ఊ అంటేనే చేయించుకుంటా" అన్నావు. నీ మరదలు నావైపు చూసింది. నేను నీళ్ళు తాగి, "ఆయనకి తెలుసులే అక్కా, చేయించుకో" అన్నాను. నువ్వు వెంటనే మళ్ళీ కంచం ముందుకి లాక్కున్నావు. ఇక నీకు అనుమానమే లేదు.

డాక్టరు చూడలేనిది నేను చూశాననుకోవడం పొగరని నాకు నేను చెప్పుకున్నాను. ఏమైనా తొడుగులు నేనే చేస్తాను కదా, అక్కకి చక్కగా చేస్తానని కూడా చెప్పుకున్నాను. నిజంగానే చేశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చెయ్యలేదు. బ్రష్షుతో పొర మీద పొర వేసి, బట్టీలో కాల్చి, నచ్చక రెండుసార్లు పగలగొట్టి మళ్ళీ చేశాను. నువ్వు నీ ఉత్తరంలో, "షాపుకొచ్చిన వాళ్ళందరికీ ఇవి మా తమ్ముడు చేసిన పళ్ళు అని నోరు తెరిచి చూపించేదాన్ని" అని రాశావు. ఆ వాక్యం దగ్గరే పదకొండు రోజులుగా ఆగిపోయాను.

ఆ మరుసటి నెలనుంచి నేను పింగాణీ బల్లకి పెద్దనయ్యాను. పోయిన వారందాకా ఉన్నాను. డాక్టరు దగ్గర్నుంచి తిరిగొచ్చిన రోజు, మంచి పళ్ళకి తొడుగులు ఇక చెయ్యనని యజమానికి చెప్పాను. ఆయన తిట్టలేదు, అచ్చులు పోసే బల్ల దగ్గరికి పంపాడు. ఇందులో గొప్పేమీ లేదు. ఎనిమిది నెలలు ఆలస్యంగా చేసిన పనికి గొప్పేమిటి?

ఇప్పుడు చెయ్యాల్సినవి రాస్తాను. ఇక్కడి పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉంది. నీ మొదటి అచ్చుని నేను ల్యాబులోనే అట్టిపెట్టాను. దాన్నీ, బావ పంపిన కొత్త ఎక్స్-రేనీ ఆమెకి చూపించాను. చాలాసేపు చూసి, "ఇవి ఎందుకు అరగదీశారు?" అనడిగింది. విరిగిన పన్ను వేరు తీసెయ్యాలంది. ఆ చోట తీసి పెట్టుకునే పన్ను వేస్తే మాట మళ్ళీ సరిగ్గా వస్తుందట. మిగతా అయిదింటినీ కదపకుండా కాపాడి చూద్దామంది. కింది పళ్ళ జోలికి ఎవర్నీ రానివ్వొద్దని గట్టిగా చెప్పింది. నీకు అబద్ధపు ఆశ పెట్టను. చెక్కేసిన పన్ను మళ్ళీ పెరగదు. ఆ ఆరూ ఇక రావు.

డాక్టర్ల మండలికి ఫిర్యాదు రాయాలంటే అచ్చు సాక్ష్యం అవుతుంది, నేనూ సాక్షినవుతాను. రాసేది నీ పేరు మీద కాబట్టి నిర్ణయం నీదే. రాస్తే డాక్టరు పేరు కింద నా పేరూ రాయి. తెలిసి ఊరుకున్నవాడు అని రాయి.

అక్కా, ఇదంతా ఫోనులో చెప్పొచ్చు. బావ ఫోను నీ చెవి దగ్గర పెట్టేవాడు, నువ్వు మాట్లాడకపోయినా వినేదానివి. కానీ నాకు తెలుసు, నేను సగం చెప్పేలోపే, ఆ గాలిపోయే గొంతుతోనే అయినా "పోనీలేరా" అనేస్తావు. చిన్నప్పటినుంచీ నా ప్రతి వెధవ పనికీ నీ దగ్గర ఆ ఒక్క మాటే ఉంది. అది విన్నానంటే నేను మళ్ళీ హాయిగా అన్నం తింటాను. అందుకని ఉత్తరం రాశాను. ఉత్తరంతో ఆ మాట అనలేవు. రెండుసార్లు చదువు. బావకి చదివి వినిపించు. కోపం వస్తే రానీ, ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనీ. ఆస్పత్రికి మాత్రం రా. స్టేషనుకి నీ మరదలు వస్తుంది. నన్ను చూడాలనిపించకపోతే నువ్వున్నన్ని రోజులూ నేను ల్యాబులోనే పడుకుంటాను.

బావకి నమస్కారాలు.

ఇట్లు,
నువ్వు అడిగిన రోజున నిజం చెప్పని
నీ తమ్ముడు