మొదటి ఆషాఢం మాట నాన్నే ఎత్తాలి

బెడోక్, సింగపూర్
మార్చి 4

అమ్మా,

నేను కులాసా. ఈయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లో పెడతారని కార్డు రాసి కవర్లో పెడుతున్నాను. జూలైలో నన్ను ఆఫ్రికా తీసుకెళతారట. ముందు పెద్ద జలపాతం, తర్వాత జంతువుల అడవిలో మూడు రాత్రులు గుడారంలో. బాత్రూం దూరంగా ఉంటుందట.

"రాత్రి వెళ్లాల్సి వస్తే?" అన్నాను.

"ఏనుగులు తిరుగుతాయి, ఒంటరిగా బయటికి రాకూడదు. విజిల్ ఊదితే కాపలా అతను వచ్చి తీసుకెళతాడు. నీకు ఊదడం రాకపోతే నేనూదుతాలే" అని నవ్వారు.

బాత్రూంకని ఈలవేసి ఎవరో మగమనిషిని పిలవాలా అమ్మా? ఏనుగులకైనా ఓర్చుకుంటాను, అది నావల్ల కాదు. ఏడాది సెలవులన్నీ దీనికే దాచుకున్నారు, వద్దనడానికి నోరు రాలేదు. నెలాఖరుకి టికెట్లు కొంటారు. ఈలోగా నాన్నచేత ఫోన్ చేయించు. "మొదటి ఆషాఢం కదా అల్లుడుగారూ, అమ్మాయిని పంపండి" అంటే చాలు. విజిల్ సంగతి నాన్నకి చెప్పకు.

నీ మోకాలు ఎలా ఉంది? చెల్లి పరీక్షలు బాగా రాస్తోందా? ఎవరైనా ఇటు వస్తుంటే కందిపొడి పంపు.

నాన్నని మాత్రం మెల్లగా అడగమను. ఈయన మొహం చిన్నబోతే నేను చూడలేను.

నాన్నకీ నీకూ నమస్కారాలు.

నీ నాగవేణి